అతిథి నీళ్లు

మళ్లీ వాల్వు దగ్గరికే వచ్చారా సార్? పొద్దుటి నుంచి మీరు అడిగిన ప్రశ్నలన్నీ దాని గురించే. పాతదా, తుప్పు పట్టిందా, ఇదివరకు ఎప్పుడైనా జారిందా. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసుకున్నారు. ఆ రోజు మోడల్లో ఏం కొట్టుకుపోయిందని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

అడగరని నాకూ తెలుసులెండి. మీకిచ్చిన ఆర్డర్లో ఏముంది? చైర్మన్ గారి పర్యటన సందర్భంగా కలిగిన అసౌకర్యంపై విచారణ అని ఉంది. అసౌకర్యం అంటే ఆయన బూట్లు తడిశాయి. మంచి బూట్లే, కాదనను.

మీకు మా హాలు కొత్త కాబట్టి కాస్త మొదటి నుంచి చెప్తాను, విసుక్కోకండి. నేను హైడ్రాలిక్స్ ఇంజనీర్ని. నది మీద ఏదైనా కట్టే ముందు, ఆ నదినీ ఆ కట్టడాన్నీ ఇసుకా సిమెంటుతో మా హాల్లో చిన్నగా కడతాం. సంపులోంచి నీళ్లు తోడి, వాల్వు తిప్పి మోడల్లోకి వదిలి, ఎక్కడ కోసుకుపోతుందో, ఎక్కడ నిలబడుతుందో చూస్తాం. ఇక్కడ తప్పయితే చీపురు పెట్టి ఊడ్చేసుకోవచ్చు. అక్కడ తప్పయితే ఊడవడానికి ఏమీ ఉండదు. నా ఉద్యోగం అంతే సార్, అంతకు మించి అందులో గొప్పేం లేదు.

ఈ ముక్క మా చుట్టాల్లో ఒక్కరికీ ఎక్కలేదనుకోండి. మా పిన్ని దృష్టిలో నేను ట్యాపులు బాగుచేసే దాన్ని. ఒకసారి పెళ్లికి వెళ్తే, సింకు నిండిపోయిందని పెళ్లివాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వెళ్లి బాగుచేశాననుకోండి, అది వేరే సంగతి. మా అమ్మయితే నేను ఈ చదువులో చేరిన రోజునే అంది, నీళ్లు కిందికి పోతాయని చెప్పడానికి ఇంత చదువు ఎందుకే అని. అప్పుడు ఉడుక్కున్నాను గానీ, పాపం అమ్మకి మా ఆఫీసు సంగతి తెలీదు. ఇక్కడ నీళ్లు ఎటు పోవాలో పైవాళ్లు చెప్తారు.

మా దగ్గరొక పద్ధతి ఉంది సార్. నేను చేరక ముందు నుంచీ ఉంది. ఎవరైనా పెద్దవాళ్లు చూడ్డానికొస్తే వాల్వు సగమే తిప్పుతాం. సగం నీళ్లకి ఏ గట్టూ తెగదు, ఏ ఒడ్డూ కోసుకుపోదు. నది బుద్ధిమంతురాలిలా మధ్యలోంచి నడిచి వెళ్లిపోతుంది. వాటిని మాలో మేం అతిథి నీళ్లు అంటాం. ముచ్చటగా కనబడాలని నీలం రంగు కూడా కలుపుతాం. వరదలో నీలం నీళ్లు మీరెక్కడైనా చూశారా? టీ రంగులో ఉంటాయి. కానీ మా డైరెక్టరు గారికి నీలమే ఇష్టం.

ఆయన్ని వెనకాల మేమంతా సంతృప్తి గారు అంటాం. ఏ రిపోర్టు వెళ్లినా కింద ఫలితం సంతృప్తికరం అని రాసి పంపిస్తారు. రాయకండి సార్, ఆ పేరు రాయకండి, ఏదో నోరు జారి అన్నాను. చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. నాకు ఒంట్లో బాలేకపోతే పళ్లు పట్టుకుని ఇంటికొచ్చి చూసి వెళ్లిన మనిషి ఆయన. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

సరే, ఆ రోజు మోడల్లో ఉన్న బ్యారేజీ సంగతికొస్తాను. కట్టబోయేది చైర్మన్ గారి కంపెనీ. దానికి దిగువన, కుడి ఒడ్డు మీద ఇళ్లు కట్టబోయేదీ ఆయనే. కిటికీ తెరిస్తే నది అని ఊరు నిండా బోర్డులు పెట్టారు, మీరూ చూసే ఉంటారు. మా ఆఫీసులో సగంమంది బుక్ చేసుకున్నారు. మొదట వచ్చిన డ్రాయింగులో ఆ ఒడ్డు పక్కన పొడుగాటి గోడ ఒకటుంది. గేట్లలోంచి దూకిన నీళ్లు ఒడ్డు మీదికి తిరక్కుండా నది మధ్యకి మళ్లించే గోడ. రెండో డ్రాయింగు వచ్చేసరికి గోడ సగమైంది. కంపెనీకి ఫోన్ చేసి ఎందుకండీ అని అడిగాను. గోడ అడ్డొస్తే కిటికీలోంచి నది కనబడదటండి.

సరేనని ఆ సగం గోడతోనే మోడల్ కట్టి, పూర్తి వరద వదిలాను. గోడ అయిపోయిన చోట నీళ్లు గిర్రున తిరిగి ఒడ్డు కిందికి దూరాయి. ముందు వరస ఇళ్లు నీళ్లలోకి బోర్లా పడ్డాయి. అదే రాసి పైకి పంపాను. ఇసుక మరీ సన్నగా ఉందేమో, మార్చి చూడమన్నారు మా డైరెక్టరు గారు. మార్చాను. మళ్లీ పడ్డాయి. ఈసారి ఆయన దృష్టి హాల్లో తిరిగే పిల్లి మీద పడింది. అది ఒడ్డు మీద నడిచి ఇసుక వదులు చేసి ఉంటుందన్నారు. నవ్వకండి సార్. పిల్లి రాకుండా చుట్టూ వల కట్టించి మళ్లీ చేశాను. ఇళ్లు మళ్లీ పడ్డాయి. అప్పుడాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, చైర్మన్ గారు వచ్చి వెళ్లేదాకా ఇంకేం చేయొద్దమ్మా అన్నారు. రిపోర్టులో మాత్రం పిల్లి కారణంగా ఫలితం నిర్ధారణ కాలేదని ఉంది. ఫైల్లో చూడండి, నేను కల్పించి చెప్పడం లేదు.

ఇక ఆ రోజు హడావుడి చూడాలి. హాలంతా కడిగారు. మోడల్ మీద ఇళ్లకి రంగులు వేయించారు, బొమ్మల దుకాణం నుంచి చెట్లూ కార్లూ తెప్పించారు. ఒడ్డున ఒక గొడుగు కింద బొమ్మ కుటుంబం ఒకటి కూర్చుని నదిని చూస్తూ ఉంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఆ గొడుగు పాతింది నేనే, డైరెక్టరు గారు పాతమంటే పాతాను. ఇంత చదువూ చదివి ఆ రోజు నేను చేసిన ఇంజనీరింగు అది.

అతిథి నీళ్లు వదిలాం. నీలంగా, మెత్తగా పోతున్నాయి. చైర్మన్ గారు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశారు. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. "ఇంతకన్నా పెద్ద వరద రాదు కదా?"

"రాదు సార్, ఇదే పెద్దది" అన్నారు మా డైరెక్టరు గారు.

ఇన్నేళ్లుగా రిపోర్టుల్లో చాలా చూశాను సార్. ఇసుక చూశాను, పిల్లిని చూశాను. కానీ అవన్నీ కాగితం మీది మాటలు. మనిషి ఎదురుగా నిలబడి అడిగితే, మొహంలో మొహం పెట్టి, పక్కన నేనుండగా అలా చెప్పేయడం నేను వినడం అదే మొదటిసారి. ఒళ్లు మండిపోయింది.

తర్వాత నీళ్లు పెరిగాయి. ఎలా పెరిగాయన్నది మీరు తేల్చాలి, అందుకే కదా వచ్చారు. నీలం పోయి బురద రంగు తిరిగింది. ముందు వరస పడిపోయింది. రెండో వరస ఒక పక్కకి ఒరిగింది. గొడుగు, బొమ్మలు, కార్లు అన్నీ కలిసి చివరనున్న జల్లెడ దగ్గరికి వెళ్లి పేరుకున్నాయి. మోడల్ గోడ మీంచి నీళ్లు పొర్లి హాల్లోకి వచ్చాయి. చైర్మన్ గారు కుర్చీ ఎక్కేశారు. మా డైరెక్టరు గారు ఆ కుర్చీ కదలకుండా గట్టిగా పట్టుకున్నారు. ఎవరూ మోడల్ వైపు చూడలేదండి. అందరూ బూట్ల వైపే చూశారు.

మధ్యాహ్నానికల్లా డైరెక్టరు గారి నోటు తయారు. మీ చేతిలో ఉన్నది అదే. అంత బరువు చక్రాన్ని అంత దూరం తిప్పడం ఆడమనిషి వల్ల కాదు కాబట్టి, వాల్వు దానంతటదే జారిందని రాశారు. నన్ను కాపాడదామనే రాశారు, అది కూడా తెలుసు. కానీ సార్, రోజూ ఆ చక్రం తిప్పేదెవరనుకున్నారు? మా ఇంట్లో బిగుసుకుపోయిన మూతలన్నీ నా దగ్గరికే వస్తాయి. నన్ను కాపాడ్డానికి నా చేతుల్లో బలం లేదని రాయాల్సి వచ్చింది పాపం.

దీని వెనకున్న లెక్క మీకు తెలుసు, నాకూ తెలుసు. వాల్వు జారిందంటే ఆ రోజు జరిగింది పరీక్ష కాదు, ప్రమాదం. ఎక్కడా లెక్కలోకి రాదు. సగం గోడ అలాగే కడతారు. నా ఉద్యోగం నాకు ఉంటుంది. డైరెక్టరు గారు రిటైరయ్యాక ఆ కుర్చీ నీదేనమ్మా అని కూడా చెప్పారు. ఇంజనీరే తిప్పిందంటే అది పరీక్ష కింద లెక్క. ఫలితం జతపరచకుండా బ్యారేజీ పని ముందుకు కదలదు. కానీ చెప్పిన మాట వినలేదని నన్ను ఇంటికి పంపిస్తారు.

నిజం చెప్పొద్దూ, పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు జారిందనే చెబుదామనుకున్నాను. మా ఆయన ఉద్యోగం పోయినప్పటి నుంచి ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. వాల్వు జారిందని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోతుంది అన్నారు ఆయన. నిజమే కదా. జారింది సార్, జారింది సార్ అని అద్దం ముందు అనుకుని చూసుకున్నాను కూడా. బాగానే వచ్చింది.

అదేంటి సార్, పెన్ను మూసేశారు? తలుపెందుకు వేస్తున్నారు?

ఏ ఒడ్డు అంటే... కుడి ఒడ్డండి. చెప్పాను కదా. ఎడమ ఒడ్డుకి ఏం కాదు, అటు రాయి ఉంది. ఎన్ని వరసలా? మొదటిది మొత్తం పోతుంది. రెండోది ఒరుగుతుంది, ఆ మూల ఇల్లయితే పడిపోయింది కూడా. ఎందుకు అడుగుతున్నారు?

ఓహో. మీ అబ్బాయి కోసం అక్కడ బుక్ చేశారా. రెండో వరసలోనా? మూల ఇల్లేనా?

కూర్చోండి సార్, కూర్చోండి. మంచినీళ్లు తాగండి. ఇంకా కట్టలేదు కదా, ఇప్పుడేం కాలేదు. నేను చెప్పేదీ అదే, ఇంకా ఏమీ కట్టలేదు. ఆ గోడ మొదట గీసినంత పొడుగు కడితే ఏ ఇంటికీ ఏమీ కాదు. మీ అబ్బాయి హాయిగా ఉంటాడు, కిటికీలోంచి నది కాస్త తక్కువ కనబడుతుంది, అంతే. హమ్మయ్య, ఒక్కరికైనా అర్థమైంది. మీరు అలా అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది సార్.

ఆఁ? బుకింగ్ రద్దు చేసుకుంటారా? చేసుకోండి, మంచిదే. మరి ఈ రిపోర్టు సంగతి?

ఇందులో వాల్వు జారిందనే రాద్దాం అంటారా. అందరికీ మంచిదంటారా.

అందరికీ అంటే ఎవరెవరికి సార్? మీకు మంచిది, సరే. నాకు మంచిది. డైరెక్టరు గారికి, చైర్మన్ గారికి మంచిది. మీరు వదిలేసిన ఆ మూల ఇల్లు ఖాళీగా ఉంటుందనుకుంటున్నారా? బోర్డు చూసి ఇంకెవరో కొనుక్కుంటారు. వాళ్ల పిల్లలు ఆ కిటికీ దగ్గర కూర్చుంటారు. వాళ్లు మా హాలుకి ఎప్పుడూ రాలేదు. కనీసం అతిథి నీళ్లు కూడా వాళ్లకి ఎవరూ చూపించలేదు.

ఇంతసేపూ నేనేం అనుకున్నానో తెలుసా? మీరెవరూ నా లెక్కలు నమ్మడం లేదనుకున్నాను. ఇంకా బాగా రాసుంటే నమ్మేవాళ్లు, ఇంకోసారి చేసి చూపిస్తే నమ్మేవాళ్లు అని నన్ను నేనే తిట్టుకున్నాను. మీరు నమ్మారు సార్. ఇంట్లోవాళ్లని పక్కకి తప్పించేంతగా నమ్మారు. డైరెక్టరు గారూ నమ్మే ఉంటారు, లేకపోతే ఆ పిల్లితో ఆయనకేం పని? నమ్మిన వాళ్లంతా చప్పుడు చేయకుండా పక్కకి జరుగుతున్నారు.

నేను చూసిన ఏ వరదా ఇలా మనవాళ్లనీ పరాయివాళ్లనీ వేరు చేసి నడుచుకోలేదు సార్.

పెన్ను తెరవండి. రాయండి. వాల్వు జారలేదు. దానికి ఏ జబ్బూ లేదు, ఆఫీసు మొత్తానికి సవ్యంగా పనిచేసే వస్తువు అదొక్కటే. తిప్పింది నేను. ఇదే పెద్ద వరద అని డైరెక్టరు గారు అన్నాక, కావాలని తిప్పాను. రెండు చేతులతో, ఇంక తిరగదు అన్నంత వరకు తిప్పాను. అది పరీక్షే. ఫలితం సంతృప్తికరం కాదు. కాదు అన్నది విడిగా, స్పష్టంగా రాయండి, తర్వాత ఎవరూ కొట్టేయకుండా.

ఉద్యోగమా? తెలుసండి. ఇంటికెళ్లి మా ఆయనకి ఏం చెప్పాలో మాత్రం తెలీదు. దారిలో ఆలోచించుకుంటాను.

ఎక్కడ సంతకం? ఇక్కడేనా? ఒక్క క్షణం ఆగండి, కాదు అన్నది ఉందో లేదో చూసుకోనివ్వండి.

ఉంది. ఇలా ఇవ్వండి పెన్ను.