సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా

జుట్టుకు రంగేసుకునేది సోకు కాదు కృపా, సర్కారుకిచ్చే మర్యాద. ఈ జంట ఫొటో పింఛను కాగితాల్లో నేను సచ్చేదాకా ఉంటాది. చూసినోళ్లు "అయ్యో, ఈ టైటస్‌ను ఇంగా పదేండ్లు పని చేయించుకోవాల్సిండె" అనుకోవద్దా? నవ్వాకు. చెవి గూడ నల్లగ పడిందా? పడనీలే.

స్వల్ప ఇట్ల జరుగు. ఇంగ మనల్నే పిలుస్తారు. లోపల ఆఫీసులో మంజుశ్రీ మేడమ్ నా సర్వీసు పుస్తకం పేజీ పేజీ చదువుతాది. అంతా విన్యామని నువ్వు సంతకం పెట్టాల. ఆయమ్మకు మెల్లగ చదివేది రాదు, నలుగురికీ వినపడతాది. అందుకే ముందే నేను చెప్తాండా.

ఒక పేజీ ఎర్ర సిరాతో ఉండాది. పదకొండు నెలలు గైరుహాజరని.

అట్ల చూడాకు. నువ్వు దినామూ క్యారియరు కట్టి ఇస్తివి. నేను దినామూ తొమ్మిదికి బయల్దేరితి. గోదాముకు గాదు, సండూరు బస్సుకు. ఊరంతా ఆడి ఇనుప గనుల ఎర్రమన్ను అమ్ముకొని కార్లు కొంటాంటే, నేను బియ్యం మూటలు ఎంచుకుంటా కూర్చోవాల్నా అనిపించె. హంపన్నని ఒక కాంట్రాక్టరు దగ్గర లారీలకు చీటీలు రాస్తి. కారు కొందామని పోతి. ఇంటికి తెచ్చిందేంది? దగ్గు. ఆఖరుకు ఆయప్పా వద్దనె. మళ్లొచ్చి మా ఆఫీసు సాహేబు కాళ్లు పట్టుకుంటి.

ఏందీ? నీకు అప్పుడే తెలుసునా?

చొక్కా నానబెడితే బకెట్లో నీళ్లు ఎర్రగయ్యేవా! అయిదేండ్లు ఒక్క మాట అనకపోతివే! నేనేమో బస్టాండు కొళాయి కాడ చెప్పులు కడుక్కొని, నా అంత తెలివిగల్లోడు సత్యనారాయణపేటలోనే లేడని మురిసిపోతి.

లేవాకు. కూర్చో. అసలుది అది గాదు.

మీ తమ్ముడు సైలస్. వాడు ఉద్యోగం మాని ఎర్రమన్ను తోలే లారీ కొనింది అందరికీ చెప్పే కొన్యాడు గదా. ఒకనాడు సండూరులో నన్ను చూసినాడు. నేను రోడ్డు పక్కన మన్నులో కూర్చొని నువ్వు పెట్టిన చింతాకు పప్పు తింటాంటి. "బావా" అన్యాడు. అంతే. ఈడేం చేస్తాండావని గూడ అడగలే. లారీలోంచి నీళ్ల సీసా తీసిచ్చి పోయినాడు.

ఆ ఆదివారమే గుడిలో కోత పండగ. వాడు యాడ చెప్పేస్తాడోనని వాని మొగమే చూస్తాంటి. సాక్ష్యం చెప్పేవాళ్లు రండని అయ్యగారు అంటానే, అందరికన్నా ముందు నేనే లేచితి. "నా ఇల్లు ఎర్రమన్నుకు మొక్కలే. మా బంధువుల్లో ఒకడు ధనానికి దాసుడైనాడు, వాని కోసం ప్రార్థన చేయండి" అంటి. పేరు గూడ చెప్తి కృపా. ఆ పొద్దు నువ్వు తల వంచుకుంటివి, నాకు గుర్తుండాది.

సైలస్ కానుకకు తెచ్చిన గుమ్మడికాయ చేతుల్లోనే ఉండాది. నన్ను చూసినాడు. నోరు తెరిచింటే నేను ఆడనే మన్నైపోతాంటి. తెరవలే. కాయ బల్ల మీద పెట్టి, పెండ్లాం యూనీస్‌ను పిల్చుకొని బయటికి పోయినాడు. ఇద్దరూ మళ్లా ఆ గుడి మెట్టెక్కలే.

నువ్వు నా పరువు పోకూడదని తమ్మునింటికి పోయేది మానేస్తివి. వాని పాపకు బాప్తీస్మమంటే, పక్క ఊరి గుడికి వాడే వచ్చి పిలిచె. నువ్వు తలుపు తీయలే. తీయనియ్యకుండా చేసింది నేను.

ఏమన్నా అను. నలుగురుండారని చూడాకు, తిట్టు.

అదిగో, మంజుశ్రీ మేడమ్ పిలుస్తాంది. లే... పెన్నుకు క్యాపు పెట్టేస్తివేంది? సంతకం?

వచ్చే ఆదివారం అదే గుడిలో, అదే తావున నిలబడి ఇదంతా చెప్తేనే సంతకం పెడతానంటావా?

...వస్తాండాం మేడమ్, ఒక్క నిమిషం!

కృపా, నిలబడేది నాకొచ్చు. గొంతుండాది. పక్కోని పాపాలైతే కాగితం లేకుండా చెప్తా. నా తప్పు నలుగురిలో చెప్పేది మాత్రం, అరవై ఏండ్లొచ్చినా, ఇంగా నేర్చుకోలే.