నోట్లో తుండు

ఎడ్ల పందెంలో మునసబు గారి బండి తోలుతూ చచ్చిపోయిన తాతబ్బాయిని కాటిలో కాల్చేసి, బావా బావమరుదులిద్దరూ ఆనకట్ట వచ్చాక కొత్తగా తవ్విన కాలవ గట్టున ఇంటిదారి పట్టారు. బావ గట్టు మీది మట్టిపెళ్ళని కాలితో తన్నాడు.

“నూకరాజు ద్రోహిరా. మన మునసబు గారి బండి వదిలేసి పొరుగూరి బండెక్కిన నాడే అన్నాను.”

“నిన్న ఆడేం చేశాడు బావా? మన ఎడ్లు వాటంతటవే బెదిరాయి.”

“బెదిరితే? దూడలప్పట్నుంచీ వాటిని పెంచింది ఆడే. తాతబ్బాయి కిందపడి పగ్గాల్లో చిక్కుకుని ఈడ్చుకుపోతుంటే, ఆడు పక్క బండి మీదే ఉన్నాడు. ఒక్క కేకేస్తే నిలబడిపోయేవి.”

“ఎలా వేస్తాడు? నోట్లో తుండుగుడ్డ కుక్కుకుని తోలుతున్నాడు కదా.”

“తీసెయ్యొచ్చుగా.”

“పందెంలో పాత ఎడ్లు తన గొంతు వింటే తన వెంట పడతాయని, ప్రాణం మీదకొచ్చినా నోరు విప్పనని దీపం ఆర్పించి ప్రమాణం చేయించారు కదా.”

“చేయిస్తే?”

“ఆ దీపం తెచ్చింది నువ్వే బావా. ఆడు వెళ్ళిపోయాడన్న కోపంతో ఊరందర్నీ వెంటేసుకుని వెళ్ళావు. ఆ వెంట నేనూ ఉన్నాను.”

బావ నడక వడి చేశాడు. రేవు దగ్గరికొచ్చాక అడిగాడు.

“ఇప్పుడెక్కడున్నాడు?”

“పొరుగూళ్ళో తనింటి అరుగు మీదే ఉన్నాడంట. నిన్నట్నుంచీ తుండు తియ్యలేదంట. పెళ్ళాం తియ్యబోతే చెయ్యి తోసేసి, ఒట్టు పెట్టించిన మనూరి వైపు చూపించాడంట.”