మంద ముందర

పెన్న పొంగి పామిడి చేలు మునిగినాక అది రెండో యేడు. గొర్రెల దొడ్డి కాడ మేనమామ, మేనకోడలు కూర్చోనుండారు.

"సలి పుట్టించే మిషన్లంట! యాడమ్మా నీ ఉద్యోగం?"

"బెంగుళూరులో మామా. గాలి కూడా నీళ్లయ్యేంత సల్లదనం మీద పరిశోధన."

"ఆ సలిలో యెట్ల కూర్చుంటావే? నా కంబళి ఎత్తుకపో."

"సలి మిషన్ లోపలే మామా, నాకు ఫ్యానే!" ఆమె నవ్వి, దొడ్డిలో మంద దిక్కు చూసింది. "ఇన్నాళ్లూ మంద ముందర నేను నడిచినా, ఎనక నువ్వు తోలినావు. రేపట్నుంచి మంద శెనక్కాయ చేలల్లో పడకుండా ఎవురు నడస్తారు? తోడు లేదంటే నేను పోను."

"పక్క దొడ్డి ఓబిలేసు వస్తానన్నాడులే."

"నిజంగా అడిగినావా?"

"అడిగినా. సద్ది కూడా తెస్తాడంట."

ఆయన ఎవరినీ అడగలేదు. మరుసటి పొద్దున ఆమెను బస్సెక్కించినాక, మంద ముందరికి ఉరికి, మళ్లీ వెనక్కి ఉరికి, ఒక్కడే గుట్ట దాకా తోలుకొని పోయినాడు.