ఫ్యూజులో దొరికిన జడపిన్ను

నవంబరు పదో తేదీ, సోమవారం. పొద్దున పాలు కాచాను, బట్టలు ఆరేశాను, మూడంతస్తుల మెట్లు ఊడ్చాను. ఆ తర్వాతే స్టేషనుకు వచ్చాను. వయసు నలభై తొమ్మిది, గృహిణిని. ఫలానావారి భార్య అని రాయవద్దు. మూడో అంతస్తు ఎడమవైపు ఇంటావిడ అని రాసుకోండి. మెట్లు ఊడ్చే మనిషిని మీరు నిన్న అనవసరంగా పట్టుకొచ్చారు. అది చెప్పడానికే వచ్చాను.

నెల రోజులుగా మా ఆయన పాటకు తగ్గట్టు వెలిగే దీపాలు తయారు చేస్తున్నారు. ఒక మైకు, నాలుగు రంగు బల్బులు, ఏవేవో తీగలు తెచ్చి నా బిస్కెట్ల డబ్బాలో బిగించారు. పాట పెడితే వెలగలేదు. కుక్కరు కూత వేస్తే వెలిగాయి. ఆయన తుమ్మితే నాలుగూ వెలిగాయి.

"చూశావా, పనిచేస్తోంది!" అన్నారు.

"ఇంకేం, ఫంక్షన్లకు పిలిచి మీచేత తుమ్మించుకుంటారు లెండి" అన్నాను.

శనివారం సాయంత్రం కింది హాల్లో పక్కింటి పాప పుట్టినరోజు. ఎవరూ అడక్కుండానే వెళ్లి దాన్ని అమర్చారు. నాలుగు బల్బులు ఆనవని ఇంకో ముప్పై పెద్దవి తగిలించారు. డ్రమ్ము మోగినప్పుడల్లా ఫ్యూజు పోయింది. రెండుసార్లు తీగ మార్చి, మూడోసారి పైకి పరిగెత్తుకొచ్చారు.

"నీ జడపిన్ను ఒకటియ్యి, తొందరగా."

"దేనికి?"

"చెప్తే నీకర్థమవుతుందా?"

ఇచ్చాను. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు, మీటరు బోర్డే కాలిపోయింది. పొగలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. పాప చెయ్యి విరిగింది. అందరికన్నా ముందు బయటపడింది మా ఆయన. చంకలో డబ్బా ఉంది.

ఫ్యూజులో ఆడవాళ్ల పిన్ను దొరికింది కాబట్టి, మీటర్ల గది తాళం ఉన్న ఆడమనిషే, అంటే మెట్లు ఊడ్చే మనిషే, పెట్టిందని మీకు చెప్పింది కూడా ఆయనే. రాత్రి అన్నం తింటూ నాతో అన్నారు.

"పిన్ను నాది కదా?" అన్నాను.

"నోర్ముయ్. బయటపడితే నా ఉద్యోగం పోతుంది. దానికేం, ఇంకోచోట ఊడ్చుకుంటుంది" అని, ఇంకాస్త పెరుగు వేయమన్నారు.

జ్వరం వచ్చి ఆ మనిషికి జుట్టంతా రాలిపోయింది. ఆర్నెల్లుగా తలకు గుడ్డ కట్టుకుంటోంది. ఆమె పిన్ను ఎక్కడ పెట్టుకుంటుందని ఇంతమంది పోలీసుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు వెళ్లి ఆ గుడ్డ తీయించకండి. తలకు గీసుకోకుండా నా పిన్నుల చివర్లు పట్టకారుతో నేనే వంచుకుంటాను. ఇవిగో, జడలోంచి మూడు తీసి మీ బల్ల మీద పెడుతున్నాను. కాలిన దాని పక్కన పెట్టి చూసుకోండి.

చదివి వినిపించారు, విన్నాను. నేను చెప్పిందే ఉంది, చెప్పింది నిజం. ఆమె ఇక్కడ కూర్చున్నందువల్ల ఆగిపోయిన మెట్ల పని పొద్దునే పూర్తి చేశాను. నా వైపు బాకీ తీరింది. ఆయన బాకీ ఆయన్నే పిలిపించి రాబట్టుకోండి.

(సంతకం)
మూడో అంతస్తు, ఎడమవైపు ఇల్లు