వరసలో మధ్య ఇల్లు

హలో… ఆ, నేనే వదినా. చెప్పు… లేదు, ఆఫీసులోనే ఉన్నా. పరవాలేదు, మాట్లాడు.

ఏంటీ?… వైద్యం వ్యానా?… నర్సమ్మే అందా ఆ మాట?… వచ్చే వారంతో ఆఖరా…

ఆ… ఆ… వింటున్నా.

అన్నయ్య పాదం ఎలా ఉంది?… పుండు ఇంకా మానలేదా. కట్టు మార్చేది ఆవిడేగా మరి… వారం వారం పట్నం తీసుకెళ్లడం నీ వల్ల ఎక్కడవుతుంది, తెలుసు వదినా.

ఎందుకు ఆపేస్తున్నారని అడిగావా?… "మీ ప్రాంతం బాగుపడింది" అందా.

నవ్వకు వదినా… బాగుపడిందెవరో చెబితే వాళ్లింట్లోనే భోజనానికి కూర్చుంటానన్నావా! నీ నోటికి దణ్ణం పెట్టాలి…

లేదు, నేను నవ్వడం లేదు… జలుబు కాదు.

ఒక్క నిమిషం. తలుపు వేసి వస్తా.

…ఆ. వదినా, ఆ బాగుపడిందన్న లెక్క మా ఆఫీసుదే. ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది నేనే.

నన్ను వెనకేసుకు రాకు, ముందు విను. ఏటా కొన్ని ఇళ్లకు వెళ్లి సంపాదన అడుగుతామా… బాగా తక్కువున్న ఇంటి నుంచి బాగా ఎక్కువున్న ఇంటి దాకా వరసలో పెడతాం. సరిగ్గా మధ్యలో ఏ ఇల్లు పడితే, దాని సంపాదనే మీ ప్రాంతం సంపాదన… ఆ, అంతే. బళ్లో పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టినట్టే.

ఆ మధ్య ఇంటి అంకె ఏటికేడు పెరుగుతోంది. సాయంత్రం ఈ ఏటి అంకె మీద మా ఆఫీసరు సంతకం పడితే, ఇక వ్యాను మీకు అక్కర్లేదని లెక్క. నర్సమ్మకి ముందే తెలిసినట్టుంది.

…పెరగలేదు వదినా. ఎవరి సంపాదనా పెరగలేదు. నేను చెబుతున్నదీ అదే.

ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లమంటారు మమ్మల్ని. మరి తాళాలు ఎవరివి?… ఆ, పని వెతుక్కుంటూ పోయినవాళ్లవే. పక్కింట్లో ఉన్నది కాస్త నిలదొక్కుకున్నవాళ్లు. కిందున్నవాళ్లు ఒక్కొక్కరే వరసలోంచి తప్పుకున్నారు. మధ్య ఇంటి అంకె పైకి జరిగింది.

అది పద్ధతిలో తప్పు, నాది కాదంటావా… ఉండు. ఇంకా ఉంది.

మీ ఇల్లు కూడా నా వరసలోదే… మొదటిసారి వచ్చి అడిగాను, గుర్తుందా? అన్నయ్యకి మిల్లులో పని పోయిన ఏడు. "సంపాదన ఎంత" అన్నాను… ఆ, గోడవైపు తిరిగిపోయాడు. చొక్కా గుండీ పెట్టుకుంటూ, మళ్లీ తీసుకుంటూ… అంకె నువ్వే చెప్పావు. ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత నాకు నోరు రాలేదు. మీ తలుపు తట్టకుండానే తాళం అని రాసేసి, పక్కనున్న ఎరువుల కొట్టాయన ఇంటికి వెళ్లిపోయాను… ఒక్కసారి కాదు. ఏటా అంతే. మీ ఒక్క ఇల్లే కాదు కూడా. అడిగితే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్ల ఇళ్లన్నీ…

అడక్కపోవడం దయ అనుకున్నాను. దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు కూడా అలాగే చెప్పుకున్నాను. దయేనా వదినా అది?…

…ఏంటి?

చూశావా? కిటికీలోంచి?… ప్రతి ఏడూనా?

నా కోసం టీకి నీళ్లు కూడా పెట్టి… అయ్యో. మరి పిలవలేదేం?… తొందరలో ఉన్నాననుకున్నావా…

…

ఏడవడం లేదు.

ఆఫీసరు దగ్గరికి వెళ్తున్నా. సంతకం ఆపమంటా. నేను దాటిపోయిన ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్తా… ఉద్యోగమా? పోతే పోనీ అనేంత గుండె నాకు లేదు. భయంగానే ఉంది… వ్యాను ఉంటుందని మాటివ్వలేను వదినా. అంకె మాత్రం నిజమైంది వెళ్తుంది.

ఎవరు?… అన్నయ్య పక్కనే ఉన్నాడా? అంతా విన్నాడా?… వద్దు, ఫోను ఇవ్వకు వదినా, నేను—

…అన్నయ్యా.

…ఆ. …ఆ.

ఇప్పుడా? ఫోన్లోనా?… అలా కాదు అన్నయ్యా, నేను వచ్చి—

సరే. సరే, కోప్పడకు. కలం తీశాను.

…సంపాదన ఎంత?

…

ఉన్నాను. తొందరేం లేదు. నువ్వు చెప్పేదాకా ఉంటాను.

…

ఆ… వినబడింది.

…రాసుకున్నాను అన్నయ్యా.

రేపు వస్తా. కాగితం మీద నీ సంతకం కూడా కావాలి… లేదు, తెరిచి ఉంచొద్దు. తలుపు వేసే ఉంచు.

నేను తడతాను.