మలేషియా పిల్ల పేరుతో గెలుపు

తెలంగాణ బంద్ నాడు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నెట్ సెంటర్ షట్టర్ సగమే తెరిచి ఉంది. లోపల కంప్యూటర్‌లో ఆన్‌లైన్ ఆటల పోటీ ఆడుతున్న చెల్లెలి దగ్గరకు, ఎల్బీ నగర్ ఊరేగింపు నుంచి నడిచి వచ్చిన అన్న చేరాడు.

“గెలిచినవానే?”

“గెలిచిన. ఆఫీసులన్నీ బంద్ గదన్నా, నెట్ మస్తు ఉరికింది.”

“మేం ఎండల తిరిగితే లాభం నీకా! మరి స్పీకర్ల కామెంట్రీ చెప్పే గాయన వేరే పేరుతోని ఎవరినో మెచ్చుకుంటున్నడేంది?”

“నన్నే. గీ ఆట మన దేశంల ఇంకా రిలీజ్ కాలే. నెట్‌ల దోస్తయిన మలేషియా పిల్లను అడిగి, ఆమె అకౌంట్‌తోని ఆడుతున్న. ఆమె పేరే పిలుస్తరు.”

“పోటీ పెట్టెటోళ్లకు తెలిస్తే?”

“తీసేస్తరు.”

“మరెందుకే గింత పరేషాన్?”

“వేరే తొవ్వ లేదన్నా. ఆడకుంట ఉండలేను.”

“రేపు ఆట ఇక్కడికొస్తే?”

“నవనీత అని నా పేరుతోనే సొంత అకౌంట్ తీస్త. మొదటికెల్లి ఆడాలె.”

“అయ్యో, గెలిచినయన్నీ ఆమెకే మిగులుతయి గద!”

“మిగలనీ. నవనీత ఓడిపోయిందని గాయన చెప్పినా చాలు, ఒక్కసారి వినాలనుంది.”