ఎడమచేతి పూసలు

1957, ఆళ్లగడ్డ. గాజుపూసలు చేసే కొట్టంలో దేవమ్మ, సంజీవయ్య. ఆమె భర్త మోషే డోన్‌లో కలరాతో పోయాడని, అక్కడే పూడ్చేశామని రెండేళ్ల కిందట కబురు తెచ్చింది ఈ సంజీవయ్యే. ఆదివారం చర్చిలో వాళ్లిద్దరికీ పెళ్లి.

"మళ్లీ చూడు, సంజీవయ్యా. వెలుతుర్లో పెట్టి చూడు."

"చూసినా. పచ్చ పూస. పైన తెల్ల గీత. ఏముండాది దాంట్లో?"

"గీత ఎటు తిరిగిందో చెప్పు."

"ఎడమకు."

"మన పనోళ్లల్లో ఎడమచేత్తో పూస చుట్టేది ఎవురు?"

"పాత సరుకయ్యుంటాది, దేవమ్మా. మోషే చేసినవి నంద్యాల అంగళ్లలో ఇంకా ఉండవా?"

"పాతది యాడిది? ఈ పచ్చ గాజు కడ్డీ మన ఊరికొచ్చిందే మొన్న ఉగాదికి. అంతకుముందు మనం కరిగించిందంతా సీసా గాజే కదా."

"ఆ తెల్ల గీత మోషే పాత సీసా గాజేమో, ఎవురో దీని మీద అతికించినారేమో."

"నువ్వూ ఈ పనోడివే. ఈ కడ్డీ మీద సీసా గాజు నిలుస్తాదా? చల్లారేటప్పుడు పగిలిపోదూ?"

"ఏందా సప్పుడు?"

"పూసలు చల్లార్చే బూడిద కుండలో ఒకటి పగిలింది. దానికే అట్ల ఉలిక్కిపడితే ఎట్ల?"

"ఉలిక్కిపడలా. ఇవి నీకు ఎవురిచ్చినారు?"

"నంద్యాల నుంచి వచ్చినాయి. అంగట్లో ఇచ్చిపోయినాయన గడ్డం పెంచినాడంట. పేరడిగితే నవ్వినాడంట."

"నవ్వినాడా?"

"ఆదివారం ఈడికి వస్తాండాడంట. పెళ్లి చూసేదానికి."

"ఎవురో ఆటలాడతాండారు నీతో."

"నాతోనా, నీతోనా? నిద్రలో 'రావద్దు మోషే, రావద్దు' అని పలవరిస్తాండావంట. మీ అమ్మ బాలమ్మే చెప్పింది."

"ఆ పూసలు ఆడ పెట్టు. నా కండ్ల ముందర తిప్పొద్దు."

"మోషే బతికుంటే ఈ పెళ్లి లేదు. అది తేలకుండా నేను చర్చి మెట్లెక్కను. చెప్పు, వస్తాడా?"

"రాడు."

"ఎట్ల చెప్తావు?"

"రాడంటే రాడు."

"కలరా వచ్చినోళ్లు కొందరు మళ్లీ లేచి కూర్చున్నారంట. నువ్వు సరిగ్గా చూసినావో లేదో..."

"చూసినా. పైకి తేలతాడేమోనని పొద్దుగూకేదాకా ఆ బావి గట్టునే కూర్చున్నా. తేల్లేదు. ఇంక యాడ నుంచి వస్తాడు?"

"డోన్‌లో పూడ్చినామంటివే."

"బావి అంటినా నేను? నోరు జారింది."

"ఏ బావి, సంజీవయ్యా?"

"దేవమ్మా... నీ కోసమే. అంతా నీ కోసమే."

"ఓబయ్య మామా, తడిక అవతల నిలబడింది చాలు, లోపలికి రా. నీ కొడుకు మోషే ఏ బావిలో ఉండాడో ఈయప్పను నువ్వే అడుగు. ఈ పూసలు చుట్టింది నేనేనని, నంద్యాల గడ్డమాయన ఎవురూ లేడని, నా ఎడమచెయ్యి ఈ పనికి వంగేదానికి వానాకాలమంతా పట్టిందని కూడా చెప్పు."